ఒక్కసారి ఎత్తే బరువు

విజయవాడలో దండమూడి రాజగోపాలరావు పేరు ఇప్పటివాళ్లకు ఇండోర్ స్టేడియం మీద కనిపించే పేరుగానే తెలుసు. కాస్త పాతతరం వాళ్లకు ఆయన 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో భీముడు. ఆ వేషం వెయ్యక ముందే ఆయన బరువులెత్తడంలో దేశమంతా ఎరిగిన మనిషి. కృష్ణా జిల్లా నుంచి వెళ్లి 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున పోటీపడ్డాడు. అప్పట్లో ఆ పోటీలో ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జర్క్ అని మూడు పద్ధతులుండేవి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత ప్రెస్‌ను తీసేశారు. పద్ధతి ఏదైనా ఒక్కో ప్రయత్నంలో ఎత్తేది ఒక్కసారే. ఎంచుకున్న బరువు తల మీదికి లేచిందా లేదా అన్నదే చూస్తారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచినప్పుడు ఎత్తింది 338 కిలోలు. స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జర్క్‌లో 187. ఏళ్ల తరబడి చేసిన సాధన చివరికి రెండు ఎత్తుల్లో తేలింది.

ఇలాంటివి చదివినప్పుడు మనకు గర్వంగా ఉంటుంది. వెంటనే, ఇది మనలాంటివాళ్లకు సంబంధించింది కాదులే అని పక్కన పెట్టేస్తాం. భారీ బరువు పహిల్వాన్లకు, తేలిక బరువు సంసారులకు అన్న విభజన మన మనసుల్లో బాగా నాటుకుపోయింది. పటమటలోనో కానూరులోనో అపార్ట్‌మెంటులో మల్టీజిమ్ కొనుక్కున్న నలభై ఐదేళ్ల ఉద్యోగి పిన్నును పైనుంచి రెండో పలకకో మూడో పలకకో గుచ్చి, ఇరవైసార్లు లాగి, చెమట పట్టింది కాబట్టి వ్యాయామం అయిందనుకుంటాడు. ఆ యంత్రంలో కింది పలకలు కొన్ననాటి నుంచి కదలకుండా ఉండిపోతాయి. నా వాదన ఆ కింది పలకల గురించే. వాటిని కదిలించడం, కొన్నాళ్ల తయారీ తర్వాత ఒక్కో విడతలో ఒక్కసారి మాత్రమే కదిలించడం, మామూలు మనిషికి మేలు చేసే పని. పైగా ఆ పనికి ఇంటి యంత్రం బాగా అనువైంది. దీనికి షరతు ఒకటుంది. ఎత్తే బరువు మన హద్దుకు దగ్గరగా ఉండాలి తప్ప హద్దు మీద ఉండకూడదు.

బరువు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే కండరానికి ఆజ్ఞ ఎలా వెళుతుందో చూడాలి. వెన్నుపాము నుంచి వచ్చే ఒక్కో నాడీకణం కొన్ని కండర తంతువుల్ని తన చేతిలో పెట్టుకుంటుంది. ఆ నాడీకణాన్ని, దాని కింది తంతువుల్ని కలిపి మోటార్ యూనిట్ అంటారు. వీటిలో చిన్నవి, పెద్దవి ఉంటాయి. ఎల్వుడ్ హెనెమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గత శతాబ్దం మధ్యలో చేసిన ప్రయోగాలతో ఒక క్రమం తేలింది. కొంచెం బలం కావలసి వస్తే చిన్న యూనిట్లే పనిచేస్తాయి, అవసరం పెరిగేకొద్దీ పెద్దవి ఒక్కొక్కటీ రంగంలోకి దిగుతాయి. నడకకు, కాఫీ గ్లాసు ఎత్తడానికి, మూడో పలకను లాగడానికి పెద్దవాటితో పని పడదు. తేలిక బరువునే ఇక లాగలేనన్నంత వరకు లాగితే అవీ లేస్తాయి గానీ, అంత కష్టం పడి ఆ చివరిదాకా వెళ్లేవాళ్లు తక్కువ. భారీ బరువు పెట్టినప్పుడు మొదటి ఎత్తులోనే శరీరం వాటిని పిలవక తప్పదు. వయసు మీదపడుతున్నప్పుడు ముందుగా సన్నబడేవి కూడా ఈ పెద్ద, వేగవంతమైన తంతువులే. స్నానాలగదిలో కాలు జారినప్పుడు పడకుండా ఆపేవి, పీట మీంచి చెయ్యి ఆనకుండా లేపేవి అవే. వాడకుండా వదిలేసినదాన్ని అవసరం పడ్డ క్షణంలో పిలిస్తే అది పలకదు.

ఈ మాట బలహీనుల విషయంలోనే ముందుగా రుజువైంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో షికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రిలో థామస్ డిలోర్మ్ అనే వైద్యుడు మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేస్తుండేవాడు. తేలిక బరువును ఎక్కువసార్లు ఎత్తించడం అప్పటి వైద్యుల ఆచారం. దాన్ని తిరగేసి ఆయన భారీ బరువును తక్కువసార్లు ఎత్తించాడు, రోగి ఒక్కసారి మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువును అప్పుడప్పుడూ కొలిచి దాన్ని బట్టి బరువు పెంచాడు. సన్నబడిన తొడలు తిరిగి నిండాయి. 1945లో ఆయన ప్రచురించిన ఆ ఫలితాలే ఇవాళ ప్రతి జిమ్‌లో వినిపించే సెట్లు, రెప్పుల లెక్కకు పునాది. జిమ్ కుర్రాళ్ల గొప్పగా మనం చూసే ‘వన్ రెప్ మ్యాక్స్’ అన్న కొలత ఆసుపత్రి మంచాల మధ్య పెరిగింది.

అంతకంటే ఆశ్చర్యం కలిగించే ప్రయోగం 1990లో బోస్టన్‌లో వచ్చింది. మరియా ఫియాటరోన్ బృందం ఒక వృద్ధాశ్రమంలో సగటు వయసు 90 ఏళ్లున్న 10 మందిని ఎంచుకుని, 8 వారాలపాటు వాళ్ల కాళ్లకు బరువు సాధన చేయించింది. వాళ్లు ఒక్కసారి ఎత్తగల బరువులో 80 శాతం దాకా పెట్టారు. సాధన పూర్తిచేసిన 9 మందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండరం 9 శాతం పెరిగింది. ఊతకర్రతో నడిచేవాళ్లలో ఇద్దరు దాన్ని పక్కన పెట్టారు. తొంభై ఏళ్ల మనిషికి పనికొచ్చిన భారం నలభై ఐదేళ్ల మనిషికి ప్రమాదం ఎలా అవుతుందన్న ప్రశ్నకు ‘ఈ వయసులో ఎందుకండీ’ అనేవాళ్లు జవాబు చెప్పాలి. ఎముకల సంగతీ అంతే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో నెలసరి ఆగిపోయి, ఎముకలు పలచబడ్డ 101 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, గరిష్ఠ బరువులో 85 శాతం పైన 5 సెట్లు, సెట్టుకు 5 ఎత్తులు చేసింది, కొంచెం గెంతింది. రెండో జట్టు ఇంట్లో తేలిక వ్యాయామం చేసింది. 8 నెలలు గడిచేసరికి మొదటి జట్టులో నడుము దగ్గరి వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, రెండో జట్టులో 1.2 శాతం తగ్గింది. ఆ సాధన దగ్గరుండి నేర్పేవాళ్ల కళ్లముందు జరిగింది. ఆ జాగ్రత్తను మర్చిపోకుండానే ఈ అంకెలను చదవాలి.

ఇంతవరకు చెప్పింది భారీ బరువు గురించి. ఒకే ఒక్క ఎత్తు సంగతేమిటి? దీన్ని సూటిగా పరీక్షించిన ప్రయోగం ఒకటి అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయం నుంచి 2017లో వచ్చింది. అంతకుముందు బరువులు పట్టనివాళ్లను తీసుకుని, 8 వారాలు, వారానికి రెండు రోజులు, ఛాతీతో తోసే వ్యాయామం, మోకాలు చాపే వ్యాయామం చేయించారు. ఒక జట్టు మామూలు పద్ధతిలో 4 సెట్లు, సెట్టుకు 8 నుంచి 12 రెప్పులు చేసింది. రెండో జట్టు సాధన చేసిన ప్రతి రోజూ గరిష్ఠ బరువును ఒక్కోసారి ఎత్తే ప్రయత్నాలు మాత్రమే చేసింది, అవీ ఐదుకు మించలేదు. చివరికి ఒక్కసారి ఎత్తగల బరువు రెండు జట్లలోనూ దాదాపు సమానంగా పెరిగింది. కండరం మందం మాత్రం మొదటి జట్టుకే పెరిగింది. నాకు ఈ ఫలితంలో రెండు సగాలూ ముఖ్యమే. మొత్తం చేసిన పనిలో రెండో జట్టుది చిన్న వాటా. అయినా బలం వచ్చిందంటే బలంలో పెద్ద భాగం నాడులు నేర్చుకునే నేర్పు అని తేలింది. కండ పెరగలేదు కాబట్టి ఒంటి ఎత్తులతో సరిపెట్టుకుంటే చాలదనీ తేలింది. నలభై దాటాక కరిగిపోయే కండను నిలుపుకోవడానికి 8, 10 ఎత్తుల సెట్లు కూడా కావాలి. ఒంటి ఎత్తు వాటికి తోడుగా రావాలి, వాటిని తోసేసి రాకూడదు.

బరువును క్రమంగా పెంచడం డెల్టా రైతుకు కొత్త విద్యేమీ కాదు. సంక్రాంతికి జరిగే బండలాగుడు పోటీల్లో ఎడ్లను పళ్లను బట్టి విభాగాలు చేస్తారు. పాలపళ్ల గిత్తలకు ఒక బండ, రెండు పళ్లవాటికి ఇంకొంచెం బరువైన బండ, ఆపైన నాలుగు, ఆరు పళ్లు, చివరికి సీనియర్ విభాగం. లేత గిత్తను పెద్ద బండకు కట్టేవాడిని ఊళ్లో తిడతారు. ఎదిగిన జతతో చిన్న బండే లాగించేవాడిని ఎవరూ మెచ్చుకోరు. ఎడ్ల విషయంలో ఇంత వివేకం చూపిన మనం మన శరీరాల దగ్గరికి వచ్చేసరికి రెండు తప్పులూ చేస్తున్నాం. జిమ్‌లో చేరిన వారానికే కుర్రవాడు పెద్ద బరువు మీద పడుతున్నాడు. వాళ్ల నాన్న పదేళ్లయినా మూడో పలక దాటడం లేదు. 75 కిలోల ధాన్యం బస్తాను భుజానికెత్తుకునే హమాలీలు ఇంకా మిల్లుల్లో, యార్డుల్లో ఉన్నారు. బస్తాలు మోసిన తాతల మనవలకు ఆ భారం ఇప్పుడు యంత్రం దగ్గర మాత్రమే దొరుకుతుంది.

యంత్రాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లున్నారు. యంత్రం దారి చూపిస్తుంది కాబట్టి వచ్చేది నిజమైన బలం కాదంటారు. ఇందులో కొంత సత్యముంది. బార్‌ను నిలకడగా పట్టుకునే నేర్పు యంత్రం మీద రాదు. ఏ పద్ధతిలో సాధన చేస్తే ఆ పద్ధతిలోనే బలం ఎక్కువ కనిపిస్తుందనీ, కండ పెరగడంలో మాత్రం విడి బరువులకూ యంత్రాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదనీ 2023లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. పోటీకి వెళ్లేవాడికి ఆ తేడా ప్రాణప్రదం. ఇంట్లో ఒంటరిగా సాధన చేసేవాడికి ఇంకో సంగతి ఎక్కువ ముఖ్యం. బెంచి మీద పడుకుని బార్ ఎత్తుతున్నప్పుడు చేతులు ఆగిపోతే ఆ బరువు ఛాతీ మీదికి, మెడ మీదికి వస్తుంది. పక్కన పట్టుకునే మనిషి లేకుండా ఆ పని చెయ్యకూడదు. పలకల యంత్రంలో చేతులు ఆగిపోతే పలకలు తమ చోటికి తాము వెళతాయి, అంతే. ఓడిపోయిన ఎత్తు గాయంగా మారే అవకాశం బాగా తగ్గుతుంది.

అయితే పలక మీద రాసిన అంకెను యథాతథంగా నమ్మకూడదు. కేబుల్ ఒకే స్థిర పుల్లీ మీదుగా వస్తే 50 కిలోలు దాదాపు 50గానే తగులుతుంది. మధ్యలో కదిలే పుల్లీ ఉంటే చేతికి తగిలేది సుమారు సగం. రాపిడి వల్ల ఎత్తేటప్పుడు బరువు కొంచెం ఎక్కువగానూ దించేటప్పుడు తక్కువగానూ ఉంటుంది. దించడంలోనూ కండరానికి లాభం ఉంది కాబట్టి ఈ లోటును తీర్చడానికి నెమ్మదిగా దించాలి. రబ్బరు పట్టీలతో, వంగే కడ్డీలతో నడిచే యంత్రాల్లో లాగేకొద్దీ బరువు పెరుగుతుంది, మొదట్లో తేలిక, చివర్లో భారం. అందుకే పక్కింటివారి యంత్రం మీది 60తో మన యంత్రం మీది 60ని పోల్చడం అర్థంలేని పని. పోల్చుకోవలసింది అదే యంత్రం మీద ఆరు నెలల కిందటి మనతో మనమే. ఇంకో మాట: కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ. కేబుల్ మీద ప్లాస్టిక్ తొడుగు చిట్లి లోపలి తీగలు తుప్పుపట్టడం కనబడితే భారీ బరువు ఆ రోజే ఆపాలి. యంత్రంలో నిజంగా భయపడవలసింది తెగే కేబుల్‌కే.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన అభ్యంతరం, రక్తపోటు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి రక్తపోటు, 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నట్టు చెప్పింది. బరువెత్తేటప్పుడు రక్తపోటు లేస్తుందన్నది భయం కొద్దీ పుట్టిన మాట కాదు. 1985లో కెనడా పరిశోధకులు ఐదుగురు బాడీబిల్డర్ల చేతి ధమనిలో గొట్టం పెట్టి కొలిచారు. కాళ్లతో భారీ బరువును తోస్తూ, ఊపిరి బిగబట్టి, చివరి శక్తి దాకా వెళ్లినప్పుడు రక్తపోటు సగటున 320/250కి చేరింది. ఒకరిలో 480/350 దాటింది. క్షణాలపాటే ఉండే అంకెలైనా అవి చిన్నవి కావు. వాటిని చూసి భారీ బరువును వదిలెయ్యాలనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఆ అంకెలను అంత పైకి తోసినవి బరువు ఒక్కటే కాదు, బిగబట్టిన ఊపిరి, ఇక కాదు అన్నదాకా సాగిన వరుస ఎత్తులు. ఎత్తు వెనక ఎత్తుగా అలసట పెరిగేకొద్దీ రక్తపోటు మెట్లెక్కుతుంది. ఒక్క ఎత్తు కొన్ని సెకన్లలో ముగుస్తుంది, తర్వాత రెండు మూడు నిమిషాల విశ్రాంతిలో రక్తపోటు దిగివస్తుంది. హద్దుకు ఇవతలే ఆగి, తోసేటప్పుడు ఊపిరి వదిలేవాడు ఆ ప్రయోగంలోని బాడీబిల్డర్ల స్థితికి వెళ్లడు. అయినా అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లు, మధుమేహం వల్ల కంటి వెనక కొత్త రక్తనాళాలు పుట్టాయని డాక్టరు చెప్పినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్యే కంటి ఆపరేషన్ అయినవాళ్లు దీని జోలికి రాకూడదు. వాళ్ల విషయంలో నా వాదన వర్తించదు. మందులతో రక్తపోటు అదుపులో ఉన్నవాళ్లు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

హద్దుకు ఇవతల అన్నమాటను ఎందుకు ఇంతగా పట్టుకున్నానో కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ పోటీ చెబుతుంది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో ఆమె కాంస్యం గెలిచింది. పై ఇద్దరి మొత్తం 242.5. చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలు అడిగింది, అది నిలవలేదు. బంగారం కోసం ఒలింపిక్ వేదిక మీద ఆ సాహసం చెయ్యడం ఆమెకు తగిన పని, దాన్ని నేను తలవంచి గౌరవిస్తాను. ఇంట్లో మల్టీజిమ్ ముందు కూర్చున్నవాడికి ఆ 137.5 అవసరం ఎన్నడూ రాదు. అతనికి కావలసింది నాడులకు భారం తెలియడం, ఆ భారం కింద ఒళ్లు కుదురుగా కదలడం. మూడు నాలుగుసార్లు ఎత్తగలిగిన బరువును ఒక్కసారి, శుభ్రంగా ఎత్తితే ఆ రెండూ దొరుకుతాయి. కీళ్లు అరిగిపోతాయన్న భయానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. కండరం, నాడి వారాల్లో బలపడతాయి, స్నాయువులు నెలలు తీసుకుంటాయి. దెబ్బలు తగిలేది ఎక్కువగా ఈ రెండిటి మధ్య తొందరపడ్డవాళ్లకు.

రోజూ కాలవగట్టు మీద గంట నడుస్తున్నాం, అది చాలదా అని అడిగేవాళ్లకు నడక మానమని ఎవరూ చెప్పడం లేదు. గుండెకు నడక మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు నడకలాంటివాటితో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పనిచెప్పాలని విడిగా అంటున్నాయి. మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిని పరిశీలించి 2015లో ‘లాన్సెట్’లో ప్రచురించిన అధ్యయనంలో పిడికిలి బలం 5 కిలోలు తగ్గినకొద్దీ మరణాల ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ ముప్పును ఊహించడంలో పిడికిలి బలం పైరక్తపోటు కంటే మెరుగ్గా పనిచేసింది. పిడికిలిని పిసికితే ఆయుష్షు పెరుగుతుందని దీనికి అర్థం చెప్పుకోకూడదు. ఒంటి మొత్తం బలానికి పిడికిలి ఒక గుర్తు, ఆ బలం నడకతో రాదు. పైగా రోహిణికార్తెలో విజయవాడలో పొద్దున ఏడు దాటాక నడవడమే కష్టం. విశ్రాంతులిచ్చుకుంటూ ఫ్యాను కింద చేసే ఒంటి ఎత్తులకు ఒళ్లు అంతగా వేడెక్కదు. నలుగురిలో జిమ్‌కు వెళ్లడానికి ఇష్టపడని స్త్రీలకు ఇంటి యంత్రం ఇచ్చే వెసులుబాటు కూడా చిన్నది కాదు. ఎముకలను గట్టిపరచుకోవలసిన అవసరం వాళ్లకే ఎక్కువ.

మొదటి రెండు మూడు నెలలు 10, 12 ఎత్తుల సెట్లతోనే గడపాలి. ఆ తర్వాత కొన్ని వారాలు ఐదేసి ఎత్తులకు తగ్గించి బరువు పెంచాలి. అప్పుడు ఒంటి ఎత్తు. ముందు సగం బరువుతో ఐదు, ముప్పాతిక బరువుతో రెండు చేసి ఒళ్లు సిద్ధం చేసుకుని, మూడు నాలుగుసార్లు ఎత్తగల బరువు పెట్టి ఒక్కసారి ఎత్తి, నెమ్మదిగా దించి, మూడు నిమిషాలు ఆగాలి. అలా నాలుగైదు. చివర్లో బరువు తగ్గించి పదేసి ఎత్తులు రెండు సెట్లు. వారానికి రెండు రోజులు చాలు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం ఉండాలి. ఛాతీతో తోయడం, కూర్చుని వెనక్కి లాగడం, పైనుంచి కిందికి లాగడం, కాళ్లతో తోయడం దీనికి సరిపడే కదలికలు. మోకాలు చాపే వ్యాయామంలో ఒంటి ఎత్తు వద్దు, భారమంతా మోకాలిచిప్ప మీద పడుతుంది. బరువు లేచినా ఒళ్లు వంకరపోతే ఆ ఎత్తు లెక్కలోకి రాదు, వచ్చేసారి ఒక పలక తగ్గించాలి.

ఏడాది తిరిగేసరికి కొందరికి కొత్త ఇబ్బంది వస్తుంది. ఇళ్లకు అమ్మే చాలా మల్టీజిమ్‌లలో పలకల మొత్తం 70 కిలోల చుట్టుపక్కలే ఉంటుంది. చేతులకు అది చాలాకాలం సరిపోతుంది, కాళ్లకు త్వరలోనే చాలకుండా పోతుంది. అప్పుడు ఇంకో యంత్రం కొనే ముందు రెండు కాళ్లతో తోసేదాన్ని ఒంటికాలితో తొయ్యాలి. అదే 70 కిలోలు మళ్లీ భారమవుతాయి. కుడికాలికీ ఎడమకాలికీ ఉన్న తేడా కూడా అప్పుడే బయటపడుతుంది. బలహీనమైన కాలితో మొదలుపెట్టి, రెండోదాన్ని దానికి మించి తొయ్యనివ్వకుండా కొన్ని నెలలు నడిపిస్తే ఆ తేడా తగ్గుతూ వస్తుంది.